నీళ్లకు నిలిచే పాలిష్

గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. బస్టాండు వెనక వీధిలో సర్దార్ గారి రంగుల దుకాణం. గుమ్మానికి రంగు కొందామని వచ్చినవాడికి ఇంటిల్లిపాదికీ సరిపడా డబ్బాలు అంటగట్టి పంపే నోరు ఆయనది. అలాంటిది ఈ పొద్దు పడవ నడిపే అంబదాస్ వచ్చి ఖరీదైన సరుకే ఇమ్మంటుంటే, సర్దార్ గారు చవక సరుకు ముందుకు నెడుతున్నారు.

"గది గాదు సర్దార్ సాబ్. దాని పక్కన డబ్బ."

"గిదే మంచిది అంబదాస్ దాదా. కార్లకు రుద్దుతరు. జర బట్టతోని అద్దితె చాలు, అద్దం లెక్క మెరుస్తది. మొకం చూసుకుంట తల దువ్వుకోవచ్చు."

"నా తల మీద దువ్వెటందుకు ఏమున్నదయ్యా. నాకు మెరిసేది ఒద్దు. నీళ్లకు నిలిచేది కావాలె."

"గిది సుత నిలుస్తది."

"గోదారికా?"

"వానకు."

"వాన వేరు, గోదారి వేరు. వాన మీదికెల్లి పడి జారిపోతది. గోదారి కిందికెల్లి నాకుతనే ఉంటది. పొద్దు లేదు, మాపు లేదు."

"చౌరస్తాల గోదారేడిది దాదా! నీ పడవ ఇప్పుడు బస్టాండు చౌరస్తాల దిమ్మె మీద కూసున్నది. పైన ఆకాశం, కింద సిమెంటు, చుట్టు ఆటోలు. బంగారు రంగేసి, లైట్లు వెట్టి, పెండ్లిపిల్ల లెక్క తయారు చేసినం."

"చూసిన. మస్తున్నది. దొంగలెత్తుకపోతరేమో అని భయమైతది."

"మరింకేం గావాలె?"

"నా పడవకు పాలిష్ గావాలె."

"అడుగుకా?"

"అడుగుకే. పైన ఏది పూసినా ఒక్కటే. పడవ బతికేదే అడుగు మీద."

"అడుగు ఎవలు జూస్తరు దాదా?"

"చేపలు జూస్తయి."

"చౌరస్తాల చేపలా! పరాచికాలాడకు."

"నేనాడుతున్ననా, నువ్వాడుతున్నవా? ఎన్నడన్న నీ దుకాణం కెల్లి ఎవడన్న అగ్గువది కొన్కపోయిండా? మా సాంచె మగ్గాల సిద్దిరాములు తలుపుకు రంగని వచ్చి, సంచి నిండ డబ్బలు మోసుకపోయిండు. ఆయిన ఇంటికి తలుపే ఒక్కటి. గసొంటి నువ్వు, నేను నోరు తెరిచి పెద్ద డబ్బ అడుగుతుంటె చిన్న డబ్బ చూపిస్తున్నవ్. పానం మంచిగున్నదా?"

"నీ మీద ప్రేమతోని చెప్తున్న."

"ప్రేమా! గది ఏ డబ్బల వస్తది? చూపియ్యి, కొంట."

"నీకు నవ్వులాటున్నది. ఒక్క ముచ్చట చెప్పు. పడవను ఊరికిచ్చినవ్ గద. ఇంక దాని ఫికర్ మాకిడిసిపెట్టు. చౌరస్తా కమిటీ ఉన్నది. కమిటీల నేనున్న. రంగు పోతె రంగేస్తం, లైటు పోతె లైటేస్తం."

"గోదారొస్తె?"

"ఏ?"

"గోదారొస్తె ఏం చేస్తరంటున్న. మిరుగం కార్తె వచ్చె. మీద మహరాష్ట్రల వానలు షురువైనయట. గా ఏడు ఎట్లొచ్చింది? రాత్రి పండుకున్నప్పుడు ఒడ్డు కాడున్న గోదారి, తెల్లారెవరకు నీ దుకాణంల రంగు డబ్బలన్నిటిని తేలగొట్టింది. యాదికున్నదా?"

"ఉండకేం."

"మిద్దె మీదికెక్కి ఒర్లినవ్. ఎవరొచ్చిన్రు?"

"నువ్వే వచ్చినవ్."

"నా పడవొచ్చింది. నేను ఊకె తెడ్డేసిన. మరి మొన్న పడవను దిమ్మె ఎక్కిచ్చిన్నాడు, నా మీద శాలువ గప్పి, మైకు పట్టుకొని నువ్వేమన్నవ్?"

"ఏమన్న?"

"నన్నడుగుతున్నవా? 'గీ పడవ మన ఊరి పానం. గోదారి మల్ల పొంగిన్నాడు బోల్టులిప్పి అంబదాస్ చేతుల పెడుతం, గిది నా జబాన్' అన్నవ్. అందరు చప్పట్లు కొట్టిన్రు. మా ఇంటామె శంకరవ్వ అయితే ఏడ్చింది."

"అన్న. అన్ననయ్యా. నేనేడ కాదంటున్న?"

"మరి పొంగిన్నాడు నీళ్లల్ల దిగాల్నంటె అడుగు గట్టిగుండాలె గద. గా డబ్బ తియ్యి."

"ఆ డబ్బల సరుకు పాతది."

"మొన్ననే బండి దిగింది. నేను ఆడనే ఉన్న."

"అంటె... అది సముద్రం పడవలకు. ఉప్పు నీళ్లకు."

"ఉప్పుకు నిలిచింది చప్పటి నీళ్లకు నిలువదా?"

"నిలుస్తది, కాని చూడు, గీ లక్క పాలిష్ తీస్కపో. మంచాలకు, కుర్చీలకు గిదే పూస్తరు. ఎంత నునుపొస్తది!"

"నీళ్లు తాకితె?"

"తాకితె... జర తెల్లగైతది."

"బొల్లి వచ్చినట్టా?"

"అంత గాదు."

"సరే, తలుపులకు పూసే వార్నిష్?"

"అది మంచిదే. అదియ్యాల్నా?"

"నీళ్లల్ల ఉంటె?"

"పొక్కులొస్తది. తర్వాత పొట్టు లెక్క లేస్తది. దాదా, కట్టె నీళ్లు తాగి ఉబ్బుతది, ఎండకు ముడుసుకపోతది. తలుపు వార్నిష్ దాంతోని సాగది, పటుక్కున పలుగుతది. ఆ పలిగిన సందుల కెల్లి నీళ్లు లోపలికి పోయి, బయటికి రాకుండ ఆడనే కూసుంటయి. పూయక పోయినదానికన్న అధ్వాన్నం. అదే గీ పడవ వార్నిష్ అనుకో, కట్టెతోని పాటు సాగుతది, కట్టెతోని పాటు ముడుసుకుంటది. మొదటి పూత జర పల్చగ కలిపి పట్టియ్యాలె, కట్టె కడుపు నిండ తాగాలె. ఎండినంక సన్న గరుకు కాయితం తోని మెల్లగ రుద్ది, దుమ్ము తుడిచి, మల్ల పూత. మల్ల రుద్దుడు, మల్ల పూత. ఎర్రటెండల పూయొద్దు, పొద్దుగూకంగ మంచుల పూయొద్దు. గట్ల పూసిన్నంటె గోదారి వచ్చి మొక్కి పోతది!"

"గిప్పుడు సర్దార్ సాబ్ లెక్క మాట్లాడినవ్. తే."

"తే అంటె... నేను ఊకె చెప్పిన."

"ఊకె చెప్పినదే ఇయ్యి."

"మీ బాపు ఏం పూసేటోడు?"

"గుగ్గిలం. నూనెల వేసి కాచి, వేడి వేడిగ పూసేటోడు. సందులల్ల పీచు కుక్కి, మీదికెల్లి గుగ్గిలం. పడవ దగ్గరికి పోతె ఊదేసినట్టు వాసనొస్తుండె."

"అగో! గదే పూయి. పెద్దోళ్ల పద్ధతి. గదే మంచిది."

"రంగుల దుకాణం ల కూసుండి గుగ్గిలం పూయమంటున్నవ్! ఇగ నీ దుకాణం మూసుడే. గుగ్గిలం గిప్పుడు మంచిది ఏడ దొరుకుతున్నది? దొరికినా మట్టి కలుపుతున్నరు. మెట్‌పల్లి దాక దేవులాడిన."

"గంత తక్లీబ్ ఎందుకు పడుతున్నవ్ దాదా? వంతెన పడ్డది. అవుతలి ఒడ్డుకు పోవాల్నంటె ఆటో ఉన్నది, బస్సున్నది. పడవ ఎక్కేటోడే లేడు."

"ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న."

"నేను గట్లన్ననా?"

"ఎవలన్న గట్లనరు. అట్ల చేస్తరు, గంతే. వంతెన మంచిదే. నేను సుత దాని మీదనే పోత. కాని గా ఏడు వంతెన కెల్లి ఎవడన్న దిగి వచ్చి నిన్ను మిద్దె మీదికెల్లి దించిండా?"

"లేదు."

"గీ ఏడు దించుతదా?"

"దించదు."

"గందుకే పాలిష్. నాకింకోటి తెల్వది సర్దార్ సాబ్. నా పడవ అడుగుకు ఏమన్నయితె, గోదారొచ్చిన్నాడు ఒడ్డున నిలవడి జనాలు ఒర్లేది ఇనుకుంట ఉండాలె నేను. అది నా వశం గాదు. గా ఒక్క భయం తోనే నాకు నిద్ర పడుతలేదు. ఏంది, తల దించుకున్నవ్?"

"ఏం లేదు. దుమ్ము పడ్డది కండ్లల్ల. సరే, కట్టె ఎండాలె గద ముందుగాల. పచ్చి మీద పూస్తె వార్నిష్ అంటుకోదు. ఇప్పుడు పూసెటందుకు మోకా లేదు, వానలొస్తున్నయి. వానకాలం పోయినంక చూద్దాం."

"ఎండింది. మంచిగ బోర్లిచ్చిన."

"బోర్లిచ్చినవా? దిమ్మె మీద బోల్టులేసి బిగిచ్చినం. ఎట్ల బోర్లిచ్చినవ్?"

"అంటె... మీకిచ్చే ముందుగాల."

"అది ఎండకాలం ముచ్చట."

"ఎండకాలంల ఎండింది ఎండకుంట పోతదా? నువ్వు గరుకు కాయితం సుత ఇయ్యి. అడుగుల ఇసుక రాపిడికి జర గీతలు వడ్డయి."

"చౌరస్తాల ఇసుకేడిది?"

"గాలికొస్తది."

"గాలికి ఇసుకొచ్చి, పడవ అడుగు గీకుతదా?"

"ఆటోలోల్లు ఎట్ల నడుపుతున్నరో నువ్వు చూస్తలేవా? దుమ్మే దుమ్ము."

"దాదా, నీ మనసు ఇంక గోదాట్లనే ఉన్నది. నాకు సమజైతున్నది. బిడ్డను అత్తగారింటికి పంపినంక సుత, 'బిడ్డ తిన్నదా, పండుకున్నదా' అని పరేషాన్ అయితరు. గట్ల ఉన్నది నీ హాల్."

"ఉంటది. బిడ్డనే గద."

సర్దార్ గారి ఇల్లు దుకాణానికి ఆనుకునే ఉంది. మాటలు విని, ఆయన భార్య షహర్ బానో రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకొని వచ్చింది. ఆమె రాక చూసి సర్దార్ గారికి ప్రాణం లేచి రావాల్సింది పోయి, ఉన్నది కాస్తా పోయింది.

"సలాం అంబదాస్ అన్నా. చాయ్ తాగు. ఏం జీ, అన్నకు కుర్సీ సుత వెయ్యలేదా?"

"బానో, నువ్వు లోపలికి నడువు. బేరం నడుస్తున్నది."

"బేరం గాదు చెల్లె, గీయినకు ఏమో అయింది. సరుకున్నది, ఇయ్యనంటున్నడు."

"ఇయ్యనంటున్నరా! మీరా? ఏ సరుకు?"

"నా పడవ అడుగుకు వార్నిష్. నీళ్లకు నిలిచేది."

"యా అల్లా, గదియ్యరా? గా పడవ లేకపోతె మనమేడున్నం? అన్నా, గా పొద్దు నేను మా చంటిబిడ్డ యుమ్నాను టబ్బుల వెట్టుకొని దిగిన. పడవల నీళ్లు వస్తయేమో అని చెయ్యి పెట్టి అడుగు తడిమి చూసిన. ఒక్క చుక్క లేదు. ఎండిన నేల లెక్కున్నది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అంతదాక రాలేదు."

"యాదికున్నది చెల్లె."

"ఇప్పుడు కూరగాయలకు పోయినప్పుడల్ల చౌరస్తాల ఆగి, గా పడవకు సలాం చేసి పోత. ఆటోలోల్లు నవ్వుతరు. నవ్వనియ్యి. యుమ్నాతోని సుత చేపిస్త."

"చౌరస్తా పడవకా?"

"అదే గద అన్నా. ఎందుకట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు చెల్లె. చెయ్యి. సలాం ఎవలకు చేసినా పుణ్యమే."

"ఏం జీ, తియ్యిండ్రి గా డబ్బ. అన్నకు ఊకనే ఇయ్యిండ్రి."

"ఊకె ఒద్దు చెల్లె, కొంట."

"బానో, నీకు తెల్వది. నువ్వు లోపలికి పో."

"ఏం తెల్వది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతె చెమటెందుకు పడుతున్నది మీకు? పంకా తిరుగుతనే ఉన్నది."

"సర్దార్ సాబ్, నిజంగనే చెమట పడుతున్నది."

"ఉక్కపోత."

"ఏం జీ, నా దిక్కు చూడుండ్రి. నాకాడ అబద్ధం చెప్పినప్పుడల్ల మీరు గట్లనే డబ్బల మీద దుమ్ము తుడుస్తరు. గా డబ్బ ఎందుకు ఇయ్యరు?"

"ఎందుకంటె... ఎందుకంటె దాంతోని ఫాయిదా లేదు."

"ఎందుకు లేదు?"

"పూసినా నీళ్లాగయి."

"మంచి సరుకని ఇప్పుడే గద అన్నవ్ సర్దార్ సాబ్. గోదారి మొక్కిపోతదన్నవ్."

"సరుకు మంచిదే! పడవనే... అంబదాస్ దాదా, నువ్వు కూసో. ముందుగాల కూసో."

"నిలవడ్డా ఇనొస్తది. చెప్పు."

"మొన్న వాన పడ్డది గద. పడవల నీళ్లు నిండినయి. నిండి, బస్సుకు నిలవడ్డోల్ల మీద కారుడు షురువైంది. రెండు దినాలకు దోమలు. కమిటీ కూసున్నది. ఒకలు రేకుల కప్పు వేద్దామన్నరు, ఒకలు తాడ్పత్రి కప్పుదామన్నరు. కప్పితె ఇంక ఏం కనవడుతది, బంగారు రంగంత దండుగ గద అని..."

"అని?"

"అడుగుకు బొక్కలు కొడితె నీళ్లు కిందికి పోతయని చెప్పిన్రు."

"ఎవలు చెప్పిన్రు?"

"కమిటీల."

"కమిటీల ఎవలు?"

"ఏం జీ, ఎవలు?"

"నేనే బానో. నా నోరే. నిన్న మన పనోడు ముజాహిద్ తోని కొట్టిపిచ్చిన. బొక్కలు కొట్టే బర్మా సుత మన దుకాణందే."

"తౌబా! గా పడవకా? నేను చెయ్యి పెట్టి తడిమిన అడుగుకా? ఏం మనిషివి నువ్వు! ఒక్క చుక్క రాకుండ మమ్ముల మోసిన అడుగుకు బొక్కలు కొట్టిపిస్తవా? మీద బంగారం, కింద బొక్కలు. పైన పటారం, లోన లొటారం. మైకుల జబాన్ ఇచ్చినవ్ కదా, ఏడ పెట్టుకున్నవ్ ఆ జబాన్?"

"తిట్టు. ఇద్దరు తిట్టుండ్రి. రాత్రి కెల్లి గా తిట్ల కోసమే చూస్తున్న. దాదా, సిగ్గయితున్నది నాకు. నువ్వు వార్నిష్ వార్నిష్ అంటుంటె అబద్ధం మీద అబద్ధం చెప్పిన. పొద్దుగాల నువ్వు గుమ్మం కాడ కనవడంగనే పారిపోదామనుకున్న."

"ఎన్ని కొట్టిన్రు?"

"చిన్నయే. కాని మస్తుగనే కొట్టిన్రు."

"ఊఁ."

"నువ్వు సుత తిట్టు దాదా."

"చాయ్ మంచిగున్నది చెల్లె. అల్లమేసినవా?"

"అన్నా, ఏడ్వన్న ఏడ్వు. గట్ల మాట్లాడకు, నాకు భయమైతున్నది."

"దించుత దాదా! గీ పొద్దే దించుత. కమిటీ గిమిటీ జాన్తా నై. బోల్టులిప్పిపిచ్చి, బొక్కల్ల టేకు బిళ్లలు కొట్టి, సందులు పూడ్చి, నేనే నా చేతుల తోని వార్నిష్ పూస్త. గోదారి రాకముందే నీ ఇంటి ముందట పెడుత."

"వద్దొద్దు!"

"ఎందుకొద్దు?"

"దించుడు ఒద్దు. ఆడనే ఉండనియ్యి. చౌరస్తాకు అందం."

"అందం సంగతి ఎందుకు? బొక్కలు పూడ్చాలె గద."

"బొక్కలుండనియ్యి. నీళ్లు పోతయి, దోమలు రావు. మంచి పనే చేసినవ్. నీ కాళ్లు మొక్కుత సర్దార్ సాబ్, దాని జోలికి పోకుండ్రి."

"దాదాకు మతి తప్పిందే బానో!"

"అన్నా, నీళ్లు తాగు. కూసో జర."

"ఒక్క మాట చెప్పు సర్దార్ సాబ్. బర్మా పెట్టినప్పుడు కట్టె ఎట్లుండె? ముజాహిద్ ఏమన్నడు?"

"గదెందుకిప్పుడు? వెన్నల కత్తి దిగినట్టు దిగిందన్నడు. ఒక్క కాడనైతె చేతి తోని ఒత్తితెనే పోయిందట. నేను సుత అనుకున్న, టేకు గట్ల దిగుతదా అని."

"దిగది."

"అగో. మరి?"

"టేకు గట్ల ఎన్నడు దిగది. నా పడవ మా బాపు అడివిల ఒక్కొక్క మాను గుద్ది చూసి తెచ్చిన టేకు."

"అంటే?"

"మైకుల ఇచ్చిన మాట మైకులనే ఉంటది సర్దార్ సాబ్, నీ ఒక్కనిదే గాదు, ఎవ్వలిదైనా. మీరు పడవ అడగంగనే నాకు సమజైంది. వద్దంటె మాట వడాలె, ఊరికి ఇయ్యనంటడు ముసలోడు అని. గందుకే నేను వద్దనలేదు."

"అన్నా, జర అర్థమయ్యేటట్టు చెప్పు. ఏం చేసినవ్?"

"దిమ్మె మీదున్నది మా బామ్మర్ది హనుమండ్ల పడవ చెల్లె, పోయినేడు బండకు కొట్టుకొని అడుగు పలిగి, అతుకేసినంక కట్టె పుచ్చితె పొయ్యిలకు కొడదామనుకున్నం, బంగారు రంగు పూసినంక ఏదైతేంది, మీలో ఒక్కలు సుత వంగి చూడలే. నాది వాగు మలుపుల తుంగల బోర్లిచ్చి ఉన్నది, తేండ్రి గా డబ్బ."